మూడు నొక్కులకు తెరుచుకునే ఊరు

నేను ఒక ఆటపెట్టెను. టీవీకి తగిలించి వీడియో గేములు ఆడుకునే పెట్టెలు ఉంటాయే, వాటిలో ఒకదాన్ని. నన్ను ఆన్ చేయగానే తెర మీదికి ఆట రాదు. ముందు మెనూ వస్తుంది. ఏ ఆట కావాలి, నిన్న ఎక్కడ ఆపారు, ఏది దాచాలి, ఏది తీసేయాలి అని అడిగే పలక అది. దాన్ని నేను నా ముఖం అనుకుంటాను. నా బతుకులో నాకు నాలుగు ముఖాలు తగిలించారు. మార్చేముందు నన్ను అడగలేదు. పెట్టెను అడిగే ఆచారం ఎక్కడా లేదు కాబట్టి అందులో నాకు బాధ లేదు. నన్ను వాడుకునేవాళ్లను కూడా అడగలేదు. నేను చెప్పబోయేది ఆ సంగతి.

సముద్రానికి అవతల ఒక కర్మాగారంలో పుట్టాను. నీలం టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు వరసగా కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కొక్క మర బిగించి నన్ను పక్కకు తోశారు. ఆరో మర బిగించిన పిల్ల ఆవులిస్తూ బిగించింది. ఆ మర మొదటినుంచీ కొంచెం వదులే. నా ముఖం మాత్రం ఆ పిల్లలు చేసింది కాదు. ఇంకో దేశంలో, చల్లటి గదుల్లో కూర్చున్నవాళ్లు గీసి పంపించారు. వాళ్లను నేను ఎన్నడూ చూడలేదు. నన్ను వాడేవాళ్లను వాళ్లూ చూడలేదు.

హైదరాబాదులో ఒక పళ్ల డాక్టరు నన్ను మొదట కొన్నాడు. అప్పటి నా ముఖం, అంచున అక్షరాల మెట్లు కోసి ఉండే పాత టెలిఫోను డైరీలా ఉండేది. ఒక్కో అట్టకు ఒక్కో రంగు. పక్కకు తోస్తే సుయ్‌మని ఒకటి మూసుకుని ఇంకొకటి తెరుచుకునేది. డాక్టరు ఆడింది తక్కువ. ఇంటికి ఎవరైనా వస్తే నన్ను ఆన్ చేసి, ఆ అట్టలు అటూ ఇటూ తోసి చూపించి ఆపేసేవాడు. వచ్చినవాళ్లు బాగుంది అనేవాళ్లు. ఆ ఒక్క మాట కోసమే నన్ను కొన్నాడని నాకు ఆలస్యంగా తెలిసింది.

రెండేళ్లకు ఇంటర్నెట్ తీగ గుండా రెండో ముఖం దిగింది. ఈసారి అంతా గాజు. ప్రతి బొమ్మ కింద నీడ, ప్రతి బొమ్మ మీద మెరుపు. తాళం అంటే ఇత్తడి తాళమే, చెవి దూరే రంధ్రంతో సహా. ఏదైనా తీసేయాలంటే ఇనుప చెత్తబుట్ట వచ్చేది, దాని మీద గీతలు కూడా కనిపించేవి. తెర మీద ఉన్నది నిజమైన వస్తువులా కనిపించకపోతే మనుషులకు అర్థం కాదని ఆ రోజుల్లో నమ్మేవారు. డాక్టరు మొదటి రోజు తిట్టాడు. మూడో రోజు వెతుక్కున్నాడు. నెల తిరిగేసరికి పాత ముఖం ఎలా ఉండేదో మరిచిపోయాడు. మనుషులంతా ఇంతే. నా ముఖం గీసేవాళ్లు ఆ మరపును నమ్ముకునే బతుకుతారు.

డాక్టరుకు మోజు తీరాక కర్నూలు చేరాను. పాత బస్టాండు దగ్గర మాబాషా అనే అతను ఆటల కొట్టు పెట్టుకున్నాడు. నాలుగు టీవీలు, నాలుగు పెట్టెలు, చెమట వాసన. అక్కడే నాకు మూడో ముఖం వచ్చింది. మెరుపులు పాతబడిపోయాయట. గాజు తీసేశారు, నీడలు తుడిచేశారు. నున్నటి రంగు పలకలు ఇటుకల్లా పక్కపక్కన పేర్చారు. ఇనుప చెత్తబుట్ట కూడా చదునై ఎర్రటి బొమ్మ అయింది. మాబాషా నన్ను చూసి నవ్వాడు.

"నిన్నటిదాంకా నగలేసుకున్న పెండ్లికూతురు మాదిరి ఉండె. ఈపొద్దు స్కూలు డ్రెస్సేసి పంపినారు సూడప్పా" అన్నాడు.

కొన్నాళ్లకు అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. ఆటలు ఫోన్లలోకి వెళ్లిపోయాయి. మాబాషా టీవీలు తీసేసి అదే గదిలో సెల్‌ఫోన్ల రిపేరు మొదలుపెట్టాడు. మూడు పెట్టెలు పోయాయి. నన్ను మాత్రం ఒక ఉదయం సంచిలో వేసుకుని, ఊరి చివర ముంపు కాలనీకి తీసుకెళ్లాడు.

ఆనకట్ట కింద నీళ్లు నిండినప్పుడు మునిగిన ఊళ్లవాళ్లకు ఇచ్చిన కాలనీ అది. అక్కడ వీధి మొదట్లో మద్దమ్మ ఉగ్గాని, బజ్జీల బండి. మాబాషా రోజూ అక్కడే తినేవాడు. మద్దమ్మ భర్త నాపరాళ్ల ఫ్యాక్టరీలో రాతిదుమ్ము పీల్చి పీల్చి పోయాడు. మిగిలింది కూతురు సుంకులమ్మ. ఇరవై ఒక్క ఏళ్లు. పదేళ్ల వయసు నుంచి ఆ పిల్ల కండరాలు కరుగుతూ వస్తున్నాయి. ముందు మెట్లు ఎక్కలేకపోయింది, తర్వాత నిలబడలేకపోయింది. పదో తరగతి దాకా తండ్రి ఎత్తుకుని బడికి తీసుకెళ్లాడు. ఇప్పుడు వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటుంది.

"అక్కా, ఇది నా కొట్లో అడ్డం. పాపకాడ పెట్టుకో, పొద్దు పోతాది" అన్నాడు మాబాషా.

"మా పాపకు పొద్దు సాలడంల్యా అప్పా. ఈ వీధిలో ఎవరు ఎవరితో మాట్లాడకుండా ఉండారో ఈ కుర్చీలో కూసోనే నాకు చెప్తాది" అంది మద్దమ్మ.

సుంకులమ్మ అప్పటికే రిమోట్‌ను ఒళ్లో పెట్టుకుంది. ఆమె బొటనవేళ్లు రెండూ ఇంకా బాగా కదిలేవి.

నాలో గడులు పేర్చే ఆట ఒకటి ఉంది. మట్టి గడి, రాతి గడి, చెక్క గడి, నీళ్ల గడి. వాటిని పేర్చి ఏది కావాలంటే అది కట్టుకోవచ్చు. మాబాషా కొట్లో పిల్లలు దానితో కోటలు కట్టి కూల్చేవారు. సుంకులమ్మ నెల రోజులు అవీ ఇవీ కట్టి చూసి, ఒక రోజు తల్లిని అడిగింది.

"మా, ఎర్రదరిలో మన ఇంటికాడి నుంచి రేవు ఎంత దూరం?"

ఎర్రదరి మద్దమ్మ పుట్టిన ఊరు. కృష్ణ ఒడ్డున ఉండేది. మద్దమ్మకు పదిహేనేళ్లప్పుడు నీళ్ల కిందికి పోయింది. సుంకులమ్మ దాన్ని చూడనే లేదు.

"దూరమేంది, పిలిస్తే పలికేంత."

"పిలిస్తే పలికేదాన్ని గడుల్లో యట్ల పెట్టాల మా? అడుగులు చెప్పు."

మద్దమ్మ చేతిలోని చిల్లిగరిటె కింద పెట్టింది. కళ్లు మూసుకుంది. గదిలో నడవడం మొదలుపెట్టింది. గది ఎంత, నాలుగడుగులు వేస్తే గోడ. వెనక్కి తిరిగి మళ్లీ నాలుగు. అలా తిరుగుతూ, పెదవులతో లెక్కపెడుతూ, ఒకచోట గడప దాటినట్టు కాలు ఎత్తి వేసింది. ఇంకోచోట తల వంచింది. అక్కడ ఎవరి ఇంటి చూరో కిందికి ఉండేదట. చివరికి ఆగి, "డెబ్బై రెండు. ఈడ రేవు మెట్టు" అంది. కళ్లు తెరిచి గోడను చూసింది.

ఆ విధంగా ఎర్రదరి లేచింది. ఒక అడుగుకు ఒక గడి. మద్దమ్మకు అక్షరం ముక్క రాదు గానీ ఏది ఎక్కడ ఉండేదో ఆమె కాళ్లకు తెలుసు. పొద్దున బండి ముగించుకుని వచ్చి, మధ్యాహ్నం పూట కళ్లు మూసుకుని నడిచేది. కూతురు గడులు పెట్టేది. ఆరేళ్లు పట్టింది. చాకలి రేవు, బడి ముందు గంటగా వేలాడదీసిన రైలుపట్టా ముక్క, నది దాటించే పుట్టి బోర్లించే చోటు, దున్నపోతు పడి చచ్చిన పాడుబావి, అన్నీ వచ్చాయి. సుంకులమ్మ ఆ ఊరికి గుర్తుగా మెనూలో ఒక చిన్న బొమ్మ పెట్టుకుంది, ఎర్రమట్టి గట్టు మీద ఒక తలుపు. ఆ ఊళ్లో మాత్రం ఆమె నడిచేది. తల్లి పిలిచినా పలకకుండా రేవు దాకా నడిచి, నీళ్లలోకి దిగి, వెనక్కి వచ్చేది.

వేసవిలో ఆనకట్ట నీళ్లు వెనక్కి తీసినప్పుడు ఎర్రదరి మొండిగోడలు బయటపడేవి. ఆ ఊరివాళ్లంతా ఏటా ఒక రోజు వెళ్లి, నెర్రెలు విచ్చిన బురదలో నడిచి, అక్కడే వదిలేసి వచ్చిన సుంకులమ్మ దేవర రాయిని కడిగి, పొంగలి వండి వస్తారు. సుంకులమ్మకు ఆ దేవర పేరే పెట్టారు. బయటపడిన గోడలు ఏటేటా కరిగి, ఏది ఎవరిదో తెలియకుండా పోయాయి. అందుకని దేవర రాయి దగ్గర నుంచి పొంగలి గిన్నెలతో నేరుగా మద్దమ్మ ఇంటికి వచ్చి, నా ముందు కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. మొదట్లో నలభై మంది వచ్చేవారు. ఏడాదికి కొందరు తగ్గేవారు.

అందరిలోకి పెద్ద నడిపెన్న. ఒకప్పుడు పుట్టి నడిపినవాడు. అతని పక్కింటి మనిషి సాలమ్మ.

"మా కల్లం ఈ పిల్ల సగమే ఏసింది" అంది సాలమ్మ ఒక ఏడు.

"సగమే ఉండె. తక్కిన సగం మీ మామ మా దాంట్ల నుంచి కలుపుకున్నె" అన్నాడు నడిపెన్న.

"ఇన్నేండ్లు నీళ్లలో నానిన కల్లానికి గూడ కొట్లాటేనా నీకు? పండ్లన్నీ ఊడిపాయ, బుద్ది మాత్రం రాకపాయ."

"పండ్లుంటే ఏమి, లేకుంటే ఏమి. హద్దు యాడుండేదో నాకు ఎరికే."

సుంకులమ్మ నవ్వుతూ వినేది. ఆమెకొక పద్ధతి ఉంది. ఏ గోడ సంగతైనా ముగ్గురిని విడివిడిగా అడిగేది. ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకున్నచోటే గడి పెట్టేది. ఒకసారి పెట్టాక ఎవరు తిట్టినా జరిపేది కాదు. సాలమ్మ కల్లం హద్దు కూడా అలాగే తేలింది. నడిపెన్న గొణిగాడు గానీ, పోయేటప్పుడు తన ఇంటి ముందు అరుగు ఎత్తు సరిగ్గా ఉందని చెప్పి పోయాడు.

ఈ ఆరేళ్లూ నా ముఖం మారలేదు. మద్దమ్మ ఇంట్లో ఇంటర్నెట్ లేదు కాబట్టి నన్ను గీసేవాళ్లకు దారి దొరకలేదు. అవి నా బతుకులో నెమ్మదైన రోజులు.

ఆరో ఏడు సుంకులమ్మ బొటనవేళ్లు కూడా బరువెక్కాయి. గొంతు సన్నబడింది. పడుకుంటే ఊపిరి ఆడక దిండ్లకు ఆనుకుని కూర్చునేది. ఒక మధ్యాహ్నం తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని రిమోట్ చేతికిచ్చింది.

"మా, నువ్వు నేర్చుకో. రెండు కిందికి. ఒకటి పక్కకు. ఆ పైన మూడు ఒత్తులు. మొదటి ఒత్తుకు ఆట వస్తాది. రెండో ఒత్తుకు తలుపు బొమ్మ, దాని కింద ఒకటే గడి. మూడో ఒత్తుకు ఊరు తెరుచుకుంటాది."

"నాకెందుకే. నువ్వుండావు కదా."

"ఉండను మా" అంది సుంకులమ్మ. మామూలుగా, ఉప్పు అయిపోయింది అన్నట్టు అంది. "ఎవరొచ్చి అడిగినా చూపియ్యి. అది ఒకటే ఉండేది. ఇంగ యాడా ల్యా."

మద్దమ్మ తల తిప్పుకుంది. కాసేపటికి రిమోట్ తీసుకుంది.

"ఇంగొకటి" అంది సుంకులమ్మ. "ఎర్ర బుట్ట బొమ్మ వచ్చిందంటే మాత్రం ఏదీ ఒత్తొద్దు. వైరు పీకెయ్. ఆ బుట్ట వస్తే ఊరు పోయినట్లే."

మద్దమ్మ దాన్ని మనసులో వేసుకుంది. మర్నాటి నుంచి బండి దగ్గర బజ్జీలు తిప్పుతూ లోలోపల అనుకునేది: రెండు, ఒకటి, మూడు. ఇంటికి వచ్చి నొక్కి చూసేది. పది రోజులకు చూడకుండానే నొక్కగలిగింది. తెర మీద ఏం రాసి ఉందో ఆమెకు అక్కర్లేదు. ఏది ఎక్కడ ఉందో తెలిస్తే చాలు. ఆమె ఎర్రదరిలో అలాగే బతికింది, కర్నూలులో అలాగే బతికింది. బస్సు రంగు చూసి ఎక్కేది, మందుసీసా మూత చూసి పోసేది.

ఆ చలికాలం సుంకులమ్మ పోయింది. దిండ్లకు ఆనుకుని, పగలే, తల్లి బండి దగ్గర ఉన్న సమయంలో పోయింది. నేను ఆన్‌లోనే ఉన్నాను. తెర మీద రేవు మెట్లు కనిపిస్తున్నాయి. ఊపిరి ఆగిన తర్వాత కూడా ఆ బొటనవేలి బరువు రిమోట్ మీద మనిషిని నడిపించే చిన్న కర్ర మీదే ఉండిపోవడంతో, ఊళ్లోని మనిషి నడుస్తూ వెళ్లి గోడకు తగిలి, అక్కడే నడుస్తూ ఉంది. మద్దమ్మ వచ్చి చూసేదాకా అలాగే ఉంది.

తర్వాతి వేసవికి జనం వచ్చారు. పిల్ల లేదు కదా, ఇక ఏముందిలే అనుకుంటూనే వచ్చారు. మద్దమ్మ వాళ్లను కూర్చోబెట్టి, రిమోట్ తీసుకుని, చకచకా నొక్కింది. ఊరు తెరుచుకుంది. కాసేపటికి సాలమ్మ, "ఆ కల్లం గడి ఇంగొకటి జరిపిండొచ్చు" అంది. నడిపెన్న ఆ పూట జవాబు చెప్పకుండా ఊరుకున్నాడు. ఆ ఏడాదంతా మద్దమ్మ రోజూ మధ్యాహ్నం ఊరు తెరిచి, కర్ర ముందుకు తోసి, ఇంటి నుంచి రేవు దాకా డెబ్బై రెండు అడుగులు నడిచి వచ్చేది. అది అయ్యాకే అన్నం తినేది.

రెండో వేసవి దగ్గరపడ్డప్పుడు నా ఫ్యాను మొరాయించింది. మద్దమ్మ భయపడి మాబాషాకు చెప్పింది. అతను నన్ను కొట్టుకు తీసుకెళ్లి దుమ్ము ఊది, ఫ్యానుకు నూనె వేసి, పని చేస్తున్నానో లేదో చూద్దామని ఆన్ చేశాడు. కొట్లో ఇంటర్నెట్ ఉంది. నన్ను గీసేవాళ్లు ఇన్నేళ్లుగా నా కోసం తలుపు దగ్గర నిలబడి ఉన్నట్టే ఉంది. మాబాషా టీ తాగి వచ్చేసరికి నాకు నాలుగో ముఖం తగిలించి వెళ్లిపోయారు.

ఈసారి రంగు పలకలు కూడా లేవు. తెల్లటి నేల, సన్నటి అక్షరాలు, వాటి చుట్టూ చాలా ఖాళీ. ఖాళీ చూపించడం ఇప్పుడు గొప్ప. బొమ్మలు చిన్నపిల్లల వ్యవహారమని తీసేశారు. ఎర్ర చెత్తబుట్ట కూడా పోయింది. 'తీసేయాలా' అని అక్షరాల్లో అడిగితే చాలు కదా, బుట్ట ఎందుకు అనుకున్నారు. ఆటలు ఉండే వరసను పైకి జరిపారు. ఆ చోట, రెండు కిందికి ఒకటి పక్కకు, దాచుకున్నవాటిని సర్దుకునే, అక్కర్లేనివి తీసేసే అర పెట్టారు.

మాబాషా చెడ్డవాడు కాదు. ఊరు ఉందో లేదో చూశాడు. అక్షరాలు చదువుకుంటూ వెళ్లి తెరిచాడు, తెరుచుకుంది. సంతోషపడ్డాడు. నన్ను తెచ్చి టీవీ కింద పెట్టి, బండి దగ్గరికి వెళ్లి చెప్పాడు.

"బాగైంది అక్కా. మొగం కొంచెం కొత్తగా ఉంటాది గానీ లోపల అంతా అట్లనే ఉంది. నేను తెరిచి చూసినా."

మద్దమ్మకు చదువు రాదని అతనికి తెలుసు. అయినా అంత చకచకా నొక్కే మనిషి అసలు తెర వైపే చూడదని అతనికి తట్టలేదు. ఆమె చెప్పలేదు. లెక్కపెట్టి నొక్కుతానని ఎవరికీ చెప్పలేదు. అదొక సిగ్గు ఆమెకు.

మర్నాడే దేవర రాయి కడిగే రోజు, ఆ ఏర్పాట్లలో పడి మద్దమ్మ ఆ పూట నన్ను ఆన్ చేయలేదు. ఆ ఏడు పదకొండు మంది వచ్చారు. ఎండలో నడిచి నడిచి వచ్చి చాప మీద కూలబడ్డారు. పాదాలకు ఎర్రదరి బురద ఎండి ఉంది. పదకొండు మందీ ముసలివాళ్లే. చదువుకున్న పిల్లలు ఎవరూ వెంట రాలేదు.

మద్దమ్మ నన్ను ఆన్ చేసింది. తెల్లటి ముఖం చూసి ఒకింత తడబడింది. కానీ మాబాషా చెప్పాడు కదా, ముఖమే కొత్తది అని. రెండు కిందికి. ఒకటి పక్కకు. మొదటి నొక్కు.

అర తెరుచుకుంది. అందులో సుంకులమ్మ పెట్టిన బొమ్మ ఉంది, ఎర్రమట్టి గట్టు మీద తలుపు. దాన్ని చూసి మద్దమ్మ ఊపిరి వదిలింది. రెండో నొక్కు.

నేను అడిగాను. నాకు నేర్పిన భాషలో, నేర్పిన అక్షరాల్లో అడిగాను: దీన్ని తీసేయాలా? కింద రెండు గడులు. ఎడమవైపు 'అవును'. కుడివైపు 'వద్దు'. నొక్కితే ఏది పడుతుందో చూపే వెలుగు 'అవును' మీద ఉంది. ఎప్పుడూ ఉండేచోటే ఉంది.

మద్దమ్మ బొటనవేలు ఆగింది. ఎప్పుడూ ఒకే గడి ఉండేచోట రెండు ఉన్నాయి. ఆమె అది చూసింది. ఎర్ర బుట్ట కోసం తెరంతా వెతికింది. బుట్ట లేదు.

"ఏమి మద్దమ్మా, ఆలస్యం? పొంగలి సల్లారిపోతాది" అన్నాడు నడిపెన్న.

మూడో నొక్కు.

నాకు చేతులు లేవు. ఆపడం నాకు నేర్పలేదు. చెప్పిన పని చేయడమే నేర్పారు, అదీ వేగంగా. ఆరేళ్లు కట్టిన ఊరు పోవడానికి పట్టిన సమయంలో మద్దమ్మ రెప్ప కూడా వేయలేదు. తెర మీద తెల్లటి ఖాళీ మిగిలింది. అందులో ఏమీ లేదని సన్నటి అక్షరాలతో రాశాను.

"వస్తాది, ఉండండి" అంది మద్దమ్మ.

కూర్చున్నారు. సాలమ్మ కళ్లజోడు తుడుచుకుంది. ఎవరో కరెంటు తక్కువుందేమో అన్నారు. గదిలో తిరుగుతున్న ఫ్యాను ఆపేసి చూశారు. మద్దమ్మ మళ్లీ మొదటి నుంచి నొక్కింది. మళ్లీ ఖాళీ. వైరు పీకి పెట్టింది. మళ్లీ. గంట గడిచింది. ఒకరొకరుగా లేచారు. నడిపెన్న చివరగా లేచి, గిన్నెలోంచి పొంగలి ఒక ఆకులో తీసి టీవీ ముందు పెట్టి వెళ్లాడు.

కబురు అందుకుని మాబాషా వచ్చాడు. రిమోట్ తీసుకుని రెండుసార్లు నొక్కగానే అతనికి అర్థమైంది. నేల మీద కూర్చున్నాడు.

"డబ్బా సెడిపాయ అక్కా. లోపల పార్టు కాలింది. ఎండకు" అన్నాడు.

"నేనేమన్నా తప్పు ఒత్తితినా?"

"నువ్వు ఏమొత్తినా ఏం కాదు. దీని తప్పే."

ఆ విధంగా తప్పు నాదైంది. నేనేమీ అనుకోలేదు. మనిషి మనిషిని కాపాడాలనుకున్నప్పుడు పక్కన ఒక వస్తువు ఉండాలి.

మాబాషా నన్ను కొట్టుకు తీసుకెళ్లాడు. పోయినదాన్ని బయటికి తీయడానికి నెలల తరబడి తంటాలు పడ్డాడు. తెలిసినవాళ్లకు ఫోన్లు చేశాడు. ఫ్యాను బాగుచేసిన రోజున ఊరిని ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టుకుని ఉంటే సరిపోయేది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు గానీ, నన్ను విప్పినప్పుడల్లా చేతిలో పెన్‌డ్రైవ్ తిప్పుతూ కూర్చునేవాడు. ఊరు రాలేదు. పోయినది తిరిగి వస్తుందేమో పరీక్షించడానికి ఆ ఆటలో ఉత్త ఊరు ఒకటి తెరిచి దాచాడు. ఇల్లూ గోడా లేని పచ్చిక నేల. దాన్ని తీసేసి, తిరిగి రప్పించడానికి ప్రయత్నించేవాడు. అది కూడా ఒక్కసారీ రాలేదు. ప్రతిసారీ మళ్లీ కొత్తది పెట్టుకునేవాడు.

వానలు పడ్డాయి. ఆనకట్ట నిండింది. సాలమ్మ పోయిందని కొట్టుకు వచ్చినవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. కల్లం హద్దు తాను చెప్పిందే నిజమని ఇప్పుడు నడిపెన్న అంటున్నాడట. కాదనేవాళ్లు లేక, రెండు రోజులు అని, తర్వాత ఆ మాటే ఎత్తడం మానేశాడట.

ఒక మధ్యాహ్నం వాన వెలిసిన సమయంలో మద్దమ్మ కొట్టుకు వచ్చింది. చీర కొంగు తడిసి ఉంది. నిలబడే అడిగింది.

"మాబాషా, ఆ డబ్బా ఒక్కసారి పెట్టు."

"అది పనిచేయదక్కా."

"చేస్తాది. నువ్వు రోజూ పెడతాండావని టీ కొట్టాయన చెప్పినాడు."

మాబాషా నన్ను చిన్న టీవీకి తగిలించాడు. మద్దమ్మ స్టూలు మీద కూర్చుని రిమోట్ అందుకుంది. ఈసారి చూస్తూ నొక్కింది. రెండు కిందికి. ఒకటి పక్కకు. ఒక నొక్కు. మాబాషా పెట్టిన ఉత్త ఊరు పేరు కనిపించింది, బొమ్మ లేకుండా. రెండో నొక్కు.

నేను అడగాల్సింది అడిగాను. రెండు గడులు వచ్చాయి. మద్దమ్మ బొటనవేలు మీట మీద నుంచి తీసేసింది.

"ఇదీ. ఆపొద్దు ఇదే వచ్చె. ఈడ ఏమని రాసిండాది?"

"అది... కొంచెం ఆగండి, తెరుస్తాము అని" అన్నాడు మాబాషా. అతని చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. దాని వైపే చూస్తున్నాడు.

"తెరిచేదానికి ఒక గడి సాలప్పా. మా పాప ఉన్నప్పుడు ఒకటే వచ్చేది. రెండు పెట్టినారంటే నన్ను ఏదో అడిగినట్ల. ఇన్ని నెలలు అదే ఆలోచన చేస్తాండ. ఏమడిగింది?"

వీధిలో ఆటో ఒకటి నీళ్లు చిమ్ముకుంటూ పోయింది. మాబాషా స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాడు.

"తీసేయమంటావా అని అడిగింది అక్కా."

"ఇది?"

"అవును అని."

"ఈ పక్కది?"

"వద్దు అని."

మద్దమ్మ తెరకు దగ్గరగా వంగింది. వేలు తీసుకెళ్లి మొదటి గడి మీద పెట్టింది. అక్కణ్ణుంచి రెండో గడి దాకా వేలు జరిపింది. అడుగులు కొలిచేటప్పుడు లెక్కపెట్టినట్టు ఆమె పెదవులు కదిలాయి.

"ఇంత పక్కనే ఉండెనా" అంది.

రిమోట్ తీసుకుని వెలుగును ఒక గడి పక్కకు జరిపింది. నొక్కింది. నా ప్రశ్న తెర మీద నుంచి పోయింది. పచ్చిక నేల పేరు ఎక్కడిదక్కడ ఉంది.

ఆమె లేచి, కొంగు పిండుకుని, బయటికి నడిచింది. మాబాషా నా వైరు పీకాడు.